కర్మ, శరణాగతి, స్వేచ్ఛ: ఒక ఆన్‌లైన్ గీతా తరగతిపై సమీక్ష

భగవద్గీత చివరి అధ్యాయమైన మోక్షసన్న్యాస యోగాన్ని మాత్రమే తీసుకుని, అందులోని 78 శ్లోకాలను ఆదివారం ఉదయాల్లో గంటన్నర చొప్పున తెలుగులో బోధించే రుసుము తరగతి ఇది. నిర్వాహకుల పేరు ఇక్కడ అవసరం లేదు. చెప్పిన విషయమూ చెప్పిన తీరూ చూద్దాం.

శరణాగతి అనగానే 'సర్వధర్మాన్ పరిత్యజ్య' అన్న 66వ శ్లోకాన్ని అందుకుని, భారమంతా భగవంతుడి మీద వేసి నిశ్చింతగా ఉండమని ముగించే ఉపన్యాసాలకు అలవాటు పడిన శ్రోతకు, ఈ ఆచార్యులు 14వ శ్లోకం దగ్గరే చాలాసేపు నిలిచిపోవడం మొదట్లో విసుగు పుట్టించవచ్చు. కానీ తరగతికి ప్రాణం అక్కడే ఉంది. ఏ పని జరగడానికైనా శరీరం, కర్త, ఇంద్రియాలు, వివిధ చేష్టలు, దైవం అనే ఐదు కారణాలు ఉంటాయని ఆ శ్లోకం చెబుతుంది. అంటే దైవానికి చోటుంది, కర్తకూ చోటుంది. తానొక్కడే కర్తనని భావించేవాణ్ణి 16వ శ్లోకం దుర్మతి అంటుంది. 'అంతా తలరాత' అనేవారికీ, 'అంతా నా కష్టార్జితం' అనేవారికీ ఒకే దెబ్బతో సమాధానం దొరుకుతుంది.

యుద్ధం చేయనని నీవనుకున్నా నీ ప్రకృతే నీచేత చేయిస్తుందని 59, 60 శ్లోకాల్లో హెచ్చరించిన శ్రీకృష్ణుడే, 63వ శ్లోకానికి వచ్చేసరికి 'యథేచ్ఛసి తథా కురు', బాగా విచారించి నీ ఇష్టప్రకారం చేయమంటాడు. 62వ శ్లోకంలో హృదయంలోని ఈశ్వరుణ్ణి శరణు పొందమన్నా, 'నన్నొక్కణ్ణే శరణు వేడు' అన్నది మాత్రం ఆ తర్వాతే, 66వ శ్లోకంలో. ఈ వరుసను ఇంత ఓపికగా విప్పి చెప్పడం అరుదు. ఉద్యోగం పోయిన ఒక శ్రోత దాన్ని ప్రారబ్ధమని సరిపెట్టుకోవాలా అని అడిగినప్పుడు, "పోవడం ప్రారబ్ధం కావచ్చు నాయనా, రేపు పొద్దున దరఖాస్తు పెట్టకుండా కూర్చుంటే అది మాత్రం ఆగామి ఖాతాలోకే వెళుతుంది" అన్నారాయన. ఆగామి అంటే ఇప్పటి పనుల వల్ల ముందుముందు అనుభవించాల్సి వచ్చే కర్మ. వెయ్యేళ్లు మొసలితో పెనుగులాడిన తర్వాతే గజేంద్రుడు మొరపెట్టుకున్నాడన్న సంగతినీ అక్కడే గుర్తు చేశారు.

భాష్యాల దగ్గరికి వచ్చేసరికి పట్టు సడలింది. జీవుడి తొలి ప్రయత్నాన్ని అనుసరించి పరమాత్మ అనుమతి ఇస్తాడన్న రామానుజుల వివరణను చక్కగానే చెప్పారు గానీ, 66వ శ్లోకాన్ని సర్వకర్మ సన్న్యాసపరంగా వ్యాఖ్యానించిన శంకరుల మార్గాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారు. జీవుడు తల్లిని తానే పట్టుకునే కోతిపిల్లలా కొంత ప్రయత్నం చేయాలా (వడగలై), తల్లి నోట కరచుకుపోయే పిల్లిపిల్లలా అంతా దేవుడికే వదిలేయాలా (తెంగలై) అంటూ శ్రీవైష్ణవంలో ఈ రెండు సంప్రదాయాల మధ్య సాగిన చర్చ ఈ విషయానికి ఆయువుపట్టు వంటిది. దాన్ని నవ్వు పుట్టించే పిట్టకథ స్థాయిలో వదిలేయడం అన్యాయం. శరణాగతి ఆరు అంగాల్లో కార్పణ్యం, అంటే తన నిస్సహాయతను గుర్తించడం, స్వప్రయత్నంతో ఎలా పొసగుతుందన్న ప్రశ్న చాలామందికి మిగిలిపోయింది.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ప్రారబ్ధం అనుభవించే తీరాలని గంటసేపు బోధించిన తరగతి చివర, నిర్వాహకులు కర్మదోష నివారణ హోమాలకు గోత్రనామాలు పంపమని ప్రకటనలు చేస్తారు. ప్రాయశ్చిత్తానికి శాస్త్రంలో చోటు లేదని కాదు. ఆ రెండింటినీ ఎలా సమన్వయించుకోవాలో పాఠంలో చెప్పకుండా రుసుముల పట్టిక చూపించడం మాత్రం ఎబ్బెట్టుగా ఉంది.

ఉచ్చారణ స్పష్టంగా ఉంది, ప్రతిపదార్థాల పీడీఎఫ్‌లో అచ్చుతప్పులు మాత్రం దండిగా ఉన్నాయి. అమెరికాలో ఉన్నవారికి వేళ కుదరకపోవచ్చు కనుక రికార్డింగులు ఎన్నాళ్లు అందుబాటులో ఉంటాయో చేరేముందే అడగడం మంచిది. గీతను ఒకసారైనా మొదటి నుంచి చదివినవారికి ఈ తరగతిని నిస్సంకోచంగా సూచిస్తాను. కొత్తవారు కనీసం ఓ రెండు మూడు అధ్యాయాలైనా చదివి చేరితే ప్రయోజనం ఉంటుంది.