బరంపురం హార్మోనియం మాస్టారి పని: మా అమ్మ పెట్టె మళ్ళీ పలికింది

బరంపురం పెద్ద బజారు వైపు ఒక సందులో హార్మోనియంలు, తబలాలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. దాని గురించే ఇది. పాత హార్మోనియం ఇంట్లో మూలన పడి ఉంటే పారేయడానికి మనసు రాక, వాయిద్దామంటే పలకక ఇబ్బంది పడేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. మాది ఒడిశాలోనే ఉన్న పర్లాకిమిడి. మేం బాగుచేయించింది మా అమ్మ హార్మోనియం. ఆవిడ సంవత్సరీకం నాటికి అది పలకాలి, ఆ సాయంత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు దాని మీద పాడాలి అని మా అందరి కోరిక. పలికింది, పాడారు కూడా. కానీ పని ఎలా చేశారో చెప్పేముందు ఆ పెట్టె ఎవరిదో చెప్పాలి. మాస్టారు కూడా పెట్టె మూత తీయకముందే అడిగింది అదే: "ఎవరు వాయించేవారు తల్లీ ఇది?"

అమ్మ బడిపంతులమ్మ. 1964లో గుమ్మ వైపు కొండ ఊళ్ళో మొదటి ఉద్యోగం. బడిలో పుస్తకాలు ఒడియాలో, పిల్లల ఇళ్ళల్లో మాట అక్కడి గిరిజనుల భాష సవర, అమ్మ మాట తెలుగు. పాఠం చెప్తే పిల్లలు గోడలకేసి చూసేవారట. అందుకని ముందు తనే ఆ పిల్లల దగ్గర కూర్చుని సవర మాటలు నేర్చుకుంది. అంకెలు, చెట్ల పేర్లు, ఆకలి, జ్వరం, చలి. ఆ తర్వాతే ఒడియా అక్షరాలు దిద్దించింది. ఇది తన గొప్ప అని ఎప్పుడూ చెప్పుకోలేదు. "మన ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, నేను నాలుగు మాటలు నేర్చుకోలేనా" అనేది. ఆగస్టు 29న పంతులుగారి పుట్టినరోజుకి పిల్లలచేత తెలుగు పద్యాలు, ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కి ఒడియా పాటలు పాడించేది. రెండింటికీ శ్రుతి ఈ పెట్టెదే.

పెట్టె మా తాతయ్య కలకత్తాలో కొన్నది. అమ్మ హైస్కూల్లో ఉండగా తెచ్చారు. కలకత్తా నుంచి నౌపడ దాకా పెద్ద రైల్లో, అక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్న రైల్లో. 1900లో రాజావారు వేయించిన ఆ చిన్న రైలు మార్గం ఇప్పుడు పెద్ద లైను అయిపోయింది కానీ, మా ఇంట్లో పెట్టె కథ చెప్పినప్పుడల్లా ఆ చిన్న రైలు వచ్చి తీరాల్సిందే. తాతయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట, కింద పెడితే కుదుపుకి లోపలి రీడ్లు, అంటే స్వరం పలికే ఇత్తడి నాలుకలు, కదిలిపోతాయని.

అమ్మకి కచేరీ ఆశ ఉండేది. కానీ ఆ రోజుల్లో హార్మోనియం అంటే పెద్ద విద్వాంసులకి చులకన. 1940లో మొదలుపెట్టి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వేలితో నొక్కే ఒక్కో మెట్టుకి స్వరం బిగించేసి ఉంటుంది, స్వరాన్ని ఊపి పలికే మన గమకాలు పలకవు అని కారణం. అమ్మ ఆ మాట కాదనేది కాదు. "పెట్టె స్వరం ఎక్కడుందో చూపిస్తుంది, గమకం మీ గొంతే తేవాలి" అని పిల్లలకి చెప్పేది. సరళీ స్వరాలు చెప్పేటప్పుడు మొదట పెట్టె వాయించి, కాసేపటికి గాలి కొట్టే తిత్తి ఆపేసేది. పెట్టె లేకుండా పిల్లలు శ్రుతిలో నిలబడ్డారా లేదా అని అదే పరీక్ష.

ఆవిడ అసలు విద్య నేను చూసింది నాటకాల దగ్గర. మా ఊళ్ళో పౌరాణిక నాటకం పడితే తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదు. ఒకసారి హార్మోనిస్టుకి జ్వరం వచ్చి రాలేదు. నాటకం ఆగిపోతుందంటే అమ్మ పెట్టె పట్టుకుని స్టేజీ పక్కన కూర్చుంది. 1970ల్లో ఆడవాళ్ళు అలా కూర్చోవడం మా వైపు ఎక్కడా లేదు. నటుడు పద్యం చివర రాగం తీస్తూ ఎటు పోతే అటు ఆవిడ వేళ్ళు పోయేవి. జనం "ఒన్స్ మోర్" అంటే నటుడు ఆవిడ వైపు చూసి దణ్ణం పెట్టాడు. మర్నాడు ఉదయం మామూలుగా బడికి వెళ్ళిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు చుట్టుపక్కల నాటక సమాజాలవాళ్ళు అమ్మ కోసమే మా ఇంటికి వచ్చేవారు. నాన్న ఒక్కనాడూ వద్దనలేదు, ఆయన చేతుల మీదే పెట్టె మోసుకెళ్ళేవారు.

2002లో రిటైరయ్యాక సాయంత్రాలు ఇంట్లోనే పాఠం. మా అమ్మాయి సహా మనవలందరికీ ఆ చాప మీదే సరిగమలు. "అమ్మమ్మా, ఇంకోసారి" అని పిల్లలు అనడం తప్ప, ఆవిడ విసుక్కుని లేచిపోవడం నేను చూడలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని ఎంత దెబ్బ కొట్టిందో ఈ వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. పెట్టెని బల్ల మీదికి ఎత్తాం కానీ ఆ తడి రోజుల తరబడి వదల్లేదు. చెక్క ఉబ్బింది, కొన్ని మెట్లు నొక్కితే పైకి రావు, కొన్ని నొక్కకుండానే కూస్తాయి. అప్పటికే అమ్మకి వేళ్ళ నొప్పులు. మెల్లగా వాయించడం మానేసింది. ఆవిడ పోయాక మూత తీస్తే తోలు పొడిపొడిగా రాలింది. ఇంకో ఊళ్ళో ఒక దుకాణంలో చూపిస్తే, "లోపలున్నదంతా తీసేసి కొత్త సెట్టు వేస్తాం, లేదంటే దీన్ని ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నారు. పెట్టె మాత్రమే మిగిలి, గొంతు మారిపోతే మాకు ఎందుకు?

బరంపురం దుకాణం పేరు మా అన్నయ్య స్నేహితుడు, నాటకాల్లో వేషాలు వేసే ఆయన చెప్పారు. పలాస, ఇచ్ఛాపురం మీదుగా కారులో తీసుకెళ్ళాం. సందులోకి కారు పోదు, చివర కొంత దూరం మోయాలి. మాస్టారికి డెబ్బై దాటి ఉంటాయి. తెలుగు, ఒడియా ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతారు, మనకి హాయిగా అర్థమవుతుంది. కూర్చున్న చోటే పని, చుట్టూ రీడ్ల డబ్బాలు, గోడకి విప్పదీసిన తిత్తులు.

ఆయన మెట్ల వరస మీద వేలితో తడిమారు. అయిదో తెల్ల మెట్టు, రెండో తెల్ల మెట్టు మిగతావాటికంటే గుంటపడి ఉన్నాయి. "అయిదు శ్రుతిలో పాడేవారు కదా అమ్మగారు?" అన్నారు. అయిదు శ్రుతి అంటే అయిదో తెల్ల మెట్టే షడ్జమం, అప్పుడు రెండో తెల్ల మెట్టు పంచమం. ఎక్కువగా నొక్కింది అక్కడే కాబట్టి. నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయే "అవును తాతగారూ" అంది. ఆ మెట్లు మార్చాలా వద్దా అని ఆయనే అడిగి, "మార్చొద్దు, వేలికి అలవాటైన గుంట అది" అని ఆయనే తేల్చేశారు.

ఆయన విప్పుతుంటే చూడనిచ్చారు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. దాచిపెట్టే పని ఏదీ లేదు. బయటి తిత్తి నుంచి గాలి లోపలి తిత్తిలోకి, అక్కడ స్ప్రింగుల ఒత్తిడితో రీడ్ల పలక కిందికి చేరుతుంది. మెట్టు నొక్కితే దాని కింద ఫెల్టు మూత లేచి, గాలి ఇత్తడి నాలుకని కదిలిస్తుంది. మా పెట్టెలో జబ్బు మూడు చోట్ల ఉంది. లోపలి తిత్తి తోలు చిట్లింది, స్ప్రింగులు తుప్పు పట్టాయి, ఫెల్టుని పురుగు తినేసింది. రీడ్లు మాత్రం చాలామటుకు బాగున్నాయి. అవి పాత జర్మనీ రీడ్లట. "వీటిని తీసెయ్యమన్నవాడు వీటిని వినలేదు తల్లీ" అన్నారు. విరిగినవాటికి మాత్రం గుజరాత్‌లోని పాలిటానా నుంచి వచ్చే రీడ్లలోంచి గొంతు కలిసేవి ఏరి వేశారు.

మెట్ల కింద గుప్పెడు అక్షింతలు, గడ్డకట్టిన కుంకుమ దొరికాయి. ఏటా సరస్వతి పూజకి అమ్మ పెట్టె మీద వేసినవన్నీ సందుల్లోంచి లోపలికి జారాయన్నమాట. మెట్లు బిగుసుకుపోవడానికి అదీ ఒక కారణం. మాస్టారు వాటిని ఊడ్చి పారేయలేదు, కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. ఇక మీదట పూజ చేసేటప్పుడు మూత వేసి ఉంచమన్నారు. ఈ సలహా చాలా ఇళ్ళకి పనికొస్తుంది.

శ్రుతి చేయడం గురించి కూడా చెప్పాలి. రీడు కొసన సన్నగా గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో, రివెట్టు దగ్గర, గీస్తే తగ్గుతుంది. గీసిన ప్రతిసారీ ఇత్తడి పలచబడుతుంది కాబట్టి పాత రీడుని ఊరికే గీయకూడదట. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకున్నారు కానీ చివరి మాట చెవిదే. రెండు వరసల రీడ్లనీ కలిపి ఊది, స్వరం అలలా ఊగకుండా నిలిచేదాకా వదల్లేదు. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఒక స్వరానికి కొంచెం బొంగురు ఉంటుంది మా పెట్టెలో, చిన్నప్పటి నుంచీ. అది తీసేయగలనన్నారు. మేం వద్దన్నాం. సరేనన్నారు. పనివాడికి తన పని నున్నగా కనిపించాలని ఉంటుంది, అయినా మా మాట విన్నారు.

ఇక లోపాలు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు. ఆ ఏడు ఠాకురాణి యాత్ర వచ్చింది. చైత్రంలో రెండేళ్ళకోసారి జరిగే ఆ యాత్ర నెల రోజులూ బరంపురంలో ఎవరూ దుకాణంలో కుదురుగా కూర్చోరు, ఇంటింటా వేషాలు, మొక్కులు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఫోన్ ఎత్తకపోవడం బాగాలేదు. తేదీ దగ్గర పడుతుంటే మాకు టెన్షన్ పెరిగిపోయింది. పెట్టె అప్పగించినప్పుడు రసీదు కూడా ఇవ్వలేదు. అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, పక్కన మోసే పిడి విరిగితే తేలిక రకం పిడి వేశారు. ఆ బరువుకి అది ఆగదు. మేం ఇంటికి వచ్చాక ఇత్తడిది వేయించుకున్నాం.

మొత్తం 6,500 రూపాయలు తీసుకున్నారు. తోలు, ఫెల్టు, స్ప్రింగులు, కొత్త రీడ్లు, శ్రుతి అన్నీ కలిపి. ముందు చెప్పిన దానికి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. పాలిష్ వద్దంటే ఆ డబ్బు తగ్గించారు కూడా. కొత్త డబుల్ రీడ్ పెట్టె కొంటే దీనికి ఎన్నో రెట్లు అవుతుంది, ఈ గొంతు మాత్రం రాదు.

సంవత్సరీకం సాయంత్రం గుమ్మ నుంచి ఒకామె వచ్చారు. అమ్మ మొదటి ఏళ్ళలో చదువు చెప్పిన సవర పిల్ల, ఇప్పుడు ఆమెకే మనవలు. అమ్మ నేర్పిన ఒడియా పాట మొదలుపెట్టి, మధ్యలో సవరలోకి మార్చి పాడారు. మా అమ్మాయి అయిదు శ్రుతి పట్టింది. పెట్టె ఎక్కడా ఆగలేదు, గాలి కారలేదు. మాస్టారి పనికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. వానలు మొదలవకముందే తీసుకెళ్ళండి, తడి కాలంలో అంటించిన తోలు సరిగా పట్టదని ఆయనే చెప్పారు. వాయించినవాళ్ళు బతికుంటే వాళ్ళని వెంట తీసుకెళ్ళండి, లేకపోతే వాళ్ళ శ్రుతి ఎంతో, ఏం పాడేవారో తెలిసినవాళ్ళు వెళ్ళండి. తెచ్చుకున్నాక నేల మీద పెట్టకండి, వారానికోసారైనా మెట్లన్నీ నొక్కి గాలి ఆడించండి. అమ్మ దగ్గర చిన్నపిల్లల కోసం కొన్న సింగిల్ రీడ్ పెట్టె ఇంకొకటి ఉంది. దసరా వెళ్ళాక దాన్ని కూడా ఆయన దగ్గరికే తీసుకెళ్తున్నాం, ఈసారి పిడి మేమే కొనుక్కుని.