డిరాక్ సంతకం పేరిట నకిలీ: పాత పరిశోధన పత్రాలు కొనేవారికి హెచ్చరిక

శాస్త్రవేత్తల సంతకాలున్న పరిశోధన పత్రాలు సేకరించే మిత్రులారా, భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ సంతకం చేసిన ఆఫ్‌ప్రింట్ (రచయిత కోసం పత్రికవారు విడిగా అచ్చువేసి ఇచ్చే ప్రతి) అంటూ ఎవరైనా చూపిస్తే డబ్బు పంపే ముందు ఇది చదవండి.

నాకు అమ్మినది 1928లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్ పత్రికలో అచ్చయిన పత్రం. ఎలక్ట్రాన్ ప్రవర్తనను వివరించే డిరాక్ సమీకరణం తొలిసారి వెలువడింది అందులోనే. రచయితకు పత్రికవారు ఇచ్చిన విడి ప్రతి అనీ, లోపలి పుటపై 1933 తేదీతో ఆయన స్వయంగా చేసిన సంతకం ఉందనీ అమ్మకందారు రాశాడు. తోడుగా ముద్ర వేసిన ధ్రువపత్రం కూడా పంపాడు.

విడి ప్రతి అన్నదీ అబద్ధమే, సంతకమూ అబద్ధమే. లోపలి కాగితం మాత్రం నిజంగా పాతది. ఈ మోసానికి బలం అదే.

ఆ పత్రం 117వ సంపుటంలో 610వ పుటతో మొదలవుతుంది. సరి సంఖ్య కాబట్టి అది ఆకుకు వెనుక వైపు. సంపుటం నుంచి ఆకులు ఊడదీస్తే ముందు వైపున 609వ పుట కూడా వచ్చి తీరుతుంది. ఇక్కడ ఆ పుటను కప్పేస్తూ తెల్ల కాగితం అతికించి, అట్ట అని నమ్మబలికారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అడుగున అచ్చు కనిపించింది. అతినీలలోహిత దీపం కింద లోపలి ఆకులు మసకగానే ఉన్నాయి, అతికించిన కాగితం నీలంగా మెరిసింది. కాగితానికి అలాంటి మెరుపునిచ్చే రసాయనాల వాడకం పెరిగింది 1950 ప్రాంతం నుంచి. అంటే ఇది డిరాక్ చేతుల మీదుగా వచ్చిన ప్రతి కాదు, కుట్టిన సంపుటాన్ని చీల్చి తీసిన ఆకులు. ఒక మంచి సంపుటాన్ని ఇలా నాశనం చేశారన్నది డబ్బు పోయినదానికంటే ఎక్కువగా బాధిస్తోంది.

ఇక సంతకం. భూతద్దంలో చూస్తే గీత పొడవునా సన్నని గాడి, అక్కడక్కడ సిరా అందని చారలు. బాల్‌పెన్ను తప్ప మరొకటి కాదు. బాల్‌పెన్నులు మార్కెట్‌లో నిలదొక్కుకున్నది 1940లలో. 1933లో దానితో ఎవరు సంతకం చేస్తారు?

ధ్రువపత్రంలో ఉన్నది ఒకే వాక్యం: మా దగ్గరి నమూనాలతో పోల్చి చూశాం అని. ఆ నమూనాలు ఎక్కడివో చెప్పని ధ్రువపత్రానికి విలువ లేదు. గెలీలియో చేతిరాతగా దశాబ్దాలు భద్రపరచిన ఒక ఆకు నకిలీదని మిషిగన్ విశ్వవిద్యాలయం 2022లో ప్రకటించింది. 1610 నాటిదన్న ఆ కాగితంలోని వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడే గుర్తు) 18వ శతాబ్దానిదని చరిత్రకారుడు నిక్ వైల్డింగ్ పట్టుకున్నారు. అంతకుముందు దాన్ని అసలుదని నిర్ధారించిన కార్డినల్ పియెట్రో మాఫీ, తన దగ్గరున్న గెలీలియో పత్రాలతోనే పోల్చి చూశారు. ఆ పత్రాలు ఆయనకు అందింది టోబియా నికోత్రా నుంచి. అతడు పేరుమోసిన ఫోర్జరీకారుడు! నకిలీని నకిలీతో పోలిస్తే సరిపోక ఏమవుతుంది?

ఆధారాలన్నీ ఫోటోలతో పంపితే, ధ్రువపత్రం ఉన్నాక చర్చ అనవసరం అని జవాబు వచ్చింది. వాపసు గడువులోపే నేను రాసినా, గడువు దాటిందన్నారు. ఆ తర్వాత జవాబే లేదు.

కొనే ముందు సంతకాన్ని ఏటవాలు వెలుతురులో తీసిన దగ్గరి ఫోటో అడగండి, ఆకు వెనుక వైపు ఫోటో కూడా. ఆ కాగితం ఎవరి దగ్గర నుంచి ఎవరికి చేరిందో రాసివ్వమనండి. మీరు ఎంచుకున్న నిపుణుడు అసలుది కాదంటే డబ్బు తిరిగి ఇస్తామన్న మాట లిఖితపూర్వకంగా లేకపోతే ముందుకు వెళ్లకండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఈ చివరి షరతే. మోసగాళ్లు దీని దగ్గరే తప్పించుకుంటారు.

అదే అమ్మకందారు ఇప్పుడు 1988లో వచ్చిన స్టీఫెన్ హాకింగ్ పుస్తకాన్ని, ఆయన పెన్నుతో సంతకం చేసిన ప్రతి అంటూ అమ్మకానికి పెట్టాడు. అప్పటికి హాకింగ్ పెన్ను పట్టలేని స్థితికి చేరి చాలా ఏళ్లయింది. సంతకానికి బదులు ఆయన వేసేది బొటనవేలి ముద్ర. దయచేసి దాన్ని ఎవరూ కొనకండి.