బియ్యం కోసం ఒక కృతజ్ఞతార్పణ: నాన్నతో మెదక్ చర్చికి

నాన్నకు బైపాస్ అయ్యి ఐదు నెలలు. డాక్టర్ గారు ప్రయాణం చేయొచ్చు అన్న రోజే నాన్న అడిగిన మొదటి మాట, "మెదక్ ఎప్పుడు పోదాం?" ఇంట్లో కృతజ్ఞత కూడిక అప్పటికే పెట్టాం. పాస్టర్ గారు వచ్చారు, వాక్యం చెప్పారు, అందరికీ భోజనాలు పెట్టాం. అయినా నాన్న మనసు మెదక్ మీదే ఉంది. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే వెనక్కి వచ్చి ప్రభువు పాదాల దగ్గర పడినవాడు ఒక్కడే కదా. నాన్న చిన్నప్పటి నుంచీ మాకు ఆ కథే ఎక్కువసార్లు చెప్పాడు. కృతజ్ఞత అంటే ఆయనకు తిరిగి నడిచి వెళ్లడం.

హైదరాబాద్ నుంచి మెదక్ సుమారు వంద కిలోమీటర్లు. మామూలుగా బస్సులో వెళ్లేవాళ్లం. 2022లో లైను వచ్చాక కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది, కానీ దాని వేళలు చూసుకుని మిగతా పనులు పెట్టుకోవాలి. ఆపరేషన్ అయిన మనిషితో కాబట్టి మేం కారు మాట్లాడుకున్నాం. బాలానగర్ మీదుగా నర్సాపూర్ దారి. అడవి మొదలయ్యాక ఎండ తగ్గుతుంది, గాలి మారుతుంది. రోడ్డు పక్కన కోతులు ఎక్కువ, తినేవి చేతిలో పట్టుకుని కారు దిగొద్దు. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఈ దారే నయం, ఆపుకుంటూ వెళ్లొచ్చు. మాకు మూడు గంటలు పట్టింది.

బస విషయంలో మాత్రం తప్పు చేశాం. ఫోనులో కింది అంతస్తు గది కావాలని రెండుసార్లు చెప్పి బుక్ చేసిన లాడ్జిలో, తీరా వెళ్తే మూడో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు లేదు. నాన్న ఒక్కో మెట్టు చూస్తుంటే నాకు టెన్షన్. అక్కడ పనిచేసే కుర్రాడు మా పరిస్థితి చూసి, సిబ్బంది వాడుకునే కింది గది ఖాళీ చేయించి దుప్పట్లు మార్చి ఇచ్చాడు. గది చిన్నది, వేడి నీళ్లు బకెట్‌తో తెచ్చుకోవాలి. కానీ ఆ అబ్బాయి పేరు ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనలో వచ్చింది. మీరు వెళ్తే, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లయితే పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావడమే మేలు. ఆదివారం ఉదయం ఆరాధనకు తీరిగ్గా ఉండాలనుకుంటేనే రాత్రి ఆగండి.

శనివారం మధ్యాహ్నం పిల్లలు, మా వారు కోట ఎక్కి వచ్చారు. పైనుంచి ఊరంతా కనిపిస్తుందట. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఎక్కుడు వద్దు. నేనూ నాన్నా నేరుగా చర్చికి వెళ్లాం.

పదేళ్ల కింద ఒక క్రిస్మస్‌కు వచ్చాను. ఆ రోజు జనంలో తోసుకుంటూ లోపలికి వెళ్లి, బలిపీఠం దూరం నుంచి చూసి బయటపడ్డాను. పండుగ సంతోషం వేరు, కాదనను. కానీ ఏదైనా మేలు పొంది దేవుని ముందు కూర్చోవాలని వచ్చేవాళ్లకు డిసెంబర్ కాని మామూలు రోజే సరైనది. చెప్పులు బయట వదలాలి. మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి, పెద్దవాళ్లకు మందపాటి సాక్సులు తీసుకెళ్లండి. మేం వెళ్లినప్పుడు లోపల ఫోటోలు వద్దన్నారు, అదీ మంచిదే అయింది.

రంగు అద్దాల కిటికీలు వెలుగు ఉండగానే చూడాలి. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వేసినవి. బలిపీఠం వెనక ప్రభువు పరలోకానికి ఆరోహణం, రెండు పక్కల ఆయన పుట్టుక, సిలువ మరణం. బయట నుంచి వచ్చే ఎండతోనే ఆ బొమ్మలకు ప్రాణం. పొద్దు వాలితే గాజు నల్లబడిపోతుంది. కాబట్టి మూడు గంటల లోపే వెళ్లండి. నాన్న సిలువ కిటికీకి ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. కాపలా ఆయన అడక్కుండానే కుర్చీ తెచ్చి వేశాడు.

ఈ గుడి కథ మా ఇంటి కథ కూడా. మిషనరీగా వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో పని మొదలుపెట్టాడు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఆ మధ్య కాలంలో కరువు వచ్చింది. ఊరికే పంచిపెట్టకుండా, పని ఇచ్చి కూలికి తిండి పెట్టాడు. సుమారు 175 అడుగుల గోపురం అలా లేచింది. మా నాన్న నాయనమ్మ అప్పుడు పెళ్లి కాని పిల్ల. రాళ్లు మోసి, కొంగులో బియ్యం కట్టుకుని ఇంటికి తెచ్చేదట. ఆ బియ్యంతో ఇద్దరు తమ్ముళ్లు బతికారని ఆమె చెప్పగా నాన్న విన్నాడు. లోపలి స్తంభాలను నాన్న చేత్తో తడిమి చూస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది. మనం ఆశీర్వాదాలు లెక్కపెట్టేటప్పుడు మన ఉద్యోగం, మన ఇల్లు, మన ఆరోగ్యం దగ్గరే ఆగిపోతాం. మనకంటే ముందు మన కోసం తిన్న ముద్దలు లెక్కలోకి రావు.

ఆదివారం ఆరాధన తెలుగులో జరిగింది. పాత కీర్తనలు పాడారు, అంత ఎత్తు కప్పు కింద పాట నిలబడి వినిపిస్తుంది. వెనక బెంచీల్లో ప్రసంగం కొంచెం గింగురుమంటుంది కాబట్టి ముందు కూర్చోండి. కానుక సమయంలో నాన్న కవరు తానే రాస్తానన్నాడు. నేను చూడలేదు. పాస్టర్ గారు కృతజ్ఞతార్పణలు ఒక్కొక్కటే చదువుతున్నారు. ఉద్యోగం వచ్చినందుకు, మనవడు పుట్టినందుకు, ఆపరేషన్ బాగా జరిగినందుకు. చివరికి మా కవరు తీసి ఒక క్షణం ఆగి చదివారు: "మా నాయనమ్మకు ఇచ్చిన బియ్యం కొరకు."

తిరుగు దారిలో నర్సాపూర్ దగ్గర టీ తాగుతుంటే అడిగాను, గుండె ఆపరేషన్ గురించి ఎందుకు రాయలేదు నాన్నా అని.

"నా గుండె కోసం ఇంట్ల రోజూ స్తుతిస్తనే ఉన్నం గద బిడ్డా. ఆ బియ్యం సంగతి ఇన్నేండ్లల్ల ఎవ్వరం చెప్పలె."