సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు: విమానమా, బస్సా?

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్ విమానాశ్రయానికి గగనమార్గంలో దూరం దాదాపు 300 కిలోమీటర్లు. టికెట్ మీద గంటకు పైగా సమయం చూపినా, విమానం గాలిలో ఉండేది సుమారు ముప్పావు గంటే. ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే అంతర్జాతీయ మార్గాల్లో ఇదొకటి కనుక పొద్దున్నుంచి రాత్రి వరకు విమానాలకు కొదవ లేదు.

అయితే ఒక బస నుంచి మరో బసకు పట్టే కాలాన్ని చూసుకుంటే లెక్క మారిపోతుంది. సింగపూర్‌లో మేము బస చేసిన ఫారర్ పార్క్ ప్రాంతం నుంచి చాంగీకి మెట్రోలో రైళ్లు మారుతూ వెళ్లడానికి గంట కేటాయించుకోవాలి. అక్కడ రెండు గంటల ముందుండాలి. దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస తప్పదు. పైగా కౌలాలంపూర్ విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు మొదటి టెర్మినల్ నుంచి 28 నిమిషాల్లో, రెండో టెర్మినల్ నుంచి 33 నిమిషాల్లో కౌలాలంపూర్ ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు చేరుస్తుంది. టాక్సీ కంటే ఇదే నయం. ఎలా చూసినా మొత్తం ఐదు గంటలకు తగ్గదు.

తిరుగు ప్రయాణానికి అందుకే బస్సు ఎంచుకున్నాము. దారి సుమారు 350 కిలోమీటర్లు, పట్టే సమయం ఐదారు గంటలు. వెడల్పాటి సీట్లు, దారి పొడవునా పామాయిల్ తోటలు, మధ్యలో భోజనానికి ఒక విరామం. మలేసియా సరిహద్దు నగరం జొహోర్ బారు వరకు అలసటే తెలియలేదు. అక్కడ పాస్‌పోర్టుతో దిగి ముద్ర వేయించుకుని మళ్లీ బస్సెక్కాలి. ఆపైన రెండు దేశాలనూ కలుపుతూ సముద్రం మీద కట్టిన, కిలోమీటరు పొడవున్న కాజ్‌వే వస్తుంది. 1924లో పూర్తయిన ఆ కట్ట పక్కనే జొహోర్ రాష్ట్రపు నీటిని సింగపూర్‌కు మోసుకెళ్లే లావుపాటి గొట్టాలు కనిపిస్తాయి, వందలాది మోటారు సైకిళ్లు బస్సును దాటుకుంటూ పోతుంటాయి. అవతల సింగపూర్ వైపు తనిఖీ కేంద్రమైన ఉడ్‌ల్యాండ్స్‌లో సామానంతా దింపి స్కానింగ్ చేయించాలి. శుక్రవారం సాయంత్రాలు, సెలవు దినాల్లో ఇక్కడే గంటల తరబడి ఆలస్యం కావచ్చు కాబట్టి ఆ వేళల్లో విమానమే మేలు. వృద్ధులతో, పసిపిల్లలతో వెళ్లేవారికి కూడా సామాను మోసుకుంటూ వరుసల్లో నిలబడే ఈ దారి నేను సూచించను.

బసల విషయంలో కౌలాలంపూర్‌దే పైచేయి. ఫారర్ పార్క్ గది ఇరుకు, అద్దె ఎక్కువ. కాకపోతే ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణ సముదాయం, శ్రీనివాస పెరుమాళ్ ఆలయం నడక దూరంలో ఉంటాయి. కేఎల్ సెంట్రల్‌ను ఆనుకుని ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో అంతకంటే తక్కువకే విశాలమైన గది దొరికింది. వీధిలోనే అరిటాకు భోజనం, రైలు దిగి నడిచి వెళ్లే వీలు.

మలేసియా 2023 డిసెంబర్ నుంచి భారతీయ పర్యాటకులకు 30 రోజుల వరకు వీసా మినహాయింపు ఇస్తోంది, కానీ డిజిటల్ అరైవల్ కార్డు ముందే నింపాలి. సింగపూర్‌కు మాత్రం వీసా తప్పనిసరి. మళ్లీ అక్కడికే తిరిగి రావాలనుకుంటే ఆ వీసా ఒకటి కంటే ఎక్కువ ప్రవేశాలకు చెల్లుతుందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోవాలి.