దాణాలో మూలికల పొడి, రెండు బ్యాచ్‌ల లెక్క

పసుపు, నేలవేము, తిప్పతీగ, వెల్లుల్లి, మిరియాలు కలిపి తయారు చేశామని ప్యాకెట్ మీద రాసి, పౌల్ట్రీ మందుల దుకాణాల్లో కిలో 420 రూపాయలకు అమ్ముతున్న ఒక మూలికల పొడిని మా రెండు బ్రాయిలర్ షెడ్లలో వరుసగా రెండు బ్యాచ్‌లకు వాడి చూశాను. టన్ను దాణాకు కిలో పొడి కలపాలన్నది తయారీదారుల సూచన. కంపెనీ ఒప్పందం మీద కోళ్లు పెంచే రైతుకు దాణా కంపెనీయే పంపుతుంది కాబట్టి, ఈ సమీక్ష ప్రధానంగా మాలాగా సొంతంగా దాణా ఆడించుకునే వారి కోసం.

పొడి ధరను ప్యాకెట్‌కు ఇంత అని చూస్తే ఏమీ తేలదు. కోడికి ఎంత పడుతుందో చూడాలి. 2.1 కిలోల బరువుకు వచ్చేసరికి కోడి దాదాపు మూడున్నర కిలోల దాణా తింటుంది, అంటే పొడి ఖర్చు కోడికి 1 రూపాయి 47 పైసలు. మాకు దాణా కిలో 42 రూపాయలు పడుతోంది గనుక, ఆ ఖర్చు తిరిగి రావాలంటే ప్రతి కోడీ 35 గ్రాముల దాణా తక్కువ తిని అదే బరువుకు రావాలి. ఎఫ్‌సీఆర్ (కిలో బరువు రావడానికి కోడి ఎన్ని కిలోల దాణా తిందన్న) లెక్కలో చెప్పాలంటే 1.67 దగ్గర ఉన్నది 1.65కు దిగాలి. ఇది ఎంత చిన్న తేడా అంటే, తూకం వేసి రాసుకోని రైతు దాన్ని కంటితో పసిగట్టలేడు.

ఒకే హ్యాచరీ నుంచి ఒకే రోజు వచ్చిన పిల్లలను షెడ్డుకు 2,000 చొప్పున వదిలి, మొదటి బ్యాచ్‌లో తూర్పు షెడ్డుకు మాత్రమే పొడి కలిపాను. అక్కడ ఎఫ్‌సీఆర్ 1.65, పొడి లేని పడమటి షెడ్డులో 1.68 వచ్చాయి, ఖర్చు పోను కోడికి రూపాయికి పైగా మిగిలినట్టు కనిపించి ఎంతో సంతోషించాను. అయితే తూర్పు షెడ్డుకు గాలి బాగా ఆడుతుందన్న సంగతి మనసులో మెదులుతూనే ఉండడంతో, రెండో బ్యాచ్‌లో షెడ్లు మార్చి పడమటి షెడ్డుకు పొడి ఇచ్చాను. ఈసారి పొడి తిన్న షెడ్డులో 1.67, తినని తూర్పు షెడ్డులో 1.66 వచ్చాయి. అంటే మొదట నేను పొడి గొప్పతనం అనుకున్నదానిలో ఎక్కువ భాగం షెడ్డుదే. రెండు బ్యాచ్‌లు కలిపి చూస్తే పొడి వల్ల తగ్గిన ఎఫ్‌సీఆర్ సగటున 0.01 మాత్రమే; దాణాలో మిగిలింది కోడికి 88 పైసలు కాగా, పొడికి పెట్టింది 1 రూపాయి 47 పైసలు. చావుల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ప్యాకెట్ మీద మూలికల పేర్లున్నాయి గానీ వాటిలో పనిచేసే పదార్థాలైన పసుపులోని కుర్కుమిన్ ఎంత శాతమో, నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ ఎంతో రాయలేదు. పసుపు రకాన్ని బట్టి, నిల్వను బట్టి కుర్కుమిన్ శాతం బాగా మారుతుంది కాబట్టి, ఈ అంకెలు లేకుండా ఒక ప్యాకెట్‌కూ మరో ప్యాకెట్‌కూ పోలికే ఉండదు. రైతు దగ్గర డబ్బు తీసుకునేవారు ఈ మాత్రం వివరం ఇవ్వకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని నిషేధించింది; మన దేశంలో 2019లో కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకం నిషిద్ధమైంది. కాబట్టి మూలికల వైపు చూడడం సరైనదే, నేనూ ఆ దారిలోనే ఉన్నాను. అప్పటికే విడిగా కొంటున్న లివర్ టానిక్‌ను ఆపి దాని స్థానంలో ఈ పొడి వాడే రైతుకు లెక్క మారవచ్చు. టానిక్‌తో పాటు ఇదీ కొంటే ఖర్చు మీద ఖర్చు అవుతుంది.

వచ్చే బ్యాచ్‌కు పొడిని మొదటి 14 రోజుల దాణాలో మాత్రమే కలుపుతాను. పిల్ల పేగులు ఎదిగే ఆ రోజుల్లో అది తినేది సుమారు అరకిలో దాణాయే కాబట్టి, 2,000 పిల్లల షెడ్డుకు కిలో పొడి సరిపోతుంది, ఖర్చు పిల్లకు 21 పైసలకు దిగుతుంది. ఆ కిలోను నేరుగా మిక్సర్‌లో వేయకుండా ముందు పది కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, ఆ తర్వాతే టన్ను దాణాలో కలపాలి.