నెమ్మరుల కోసం కృష్ణ ఒడ్డున: ఎక్కడ నిలవాలి, ఎక్కడ దాటిపోవాలి

నివ్వ అనే గ్రహం ఎక్కడా లేదు. నేనూ మా అన్నయ్య కూతురూ కలిసి పిల్లల బొమ్మల కథ కోసం కట్టుకున్నాం. అక్కడ సముద్రం ఎక్కువ, నేల తక్కువ, చందమామలు రెండు. రెండూ ఒకే వైపు చేరిన రోజున పోటు ఊళ్ళను ముంచేస్తుంది, విడిపోయిన రోజున ఆమడల కొద్దీ బురద బయటపడుతుంది. అక్కడి జనం పేరు నెమ్మరులు. చిన్నప్పుడు మొప్పలు, పెద్దయ్యాక ఊపిరితిత్తులు. కథ నాది, బొమ్మలు మేనకోడలివి. అది వేసిన మొదటి నెమ్మరికి ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు, వేళ్ళ మధ్య తోలు, మిగతాదంతా మనిషే. "కప్ప వేషం కట్టిన మన పక్కింటాయనలా ఉన్నాడే" అన్నాను. అలిగింది. ఆ అలక తీరాక, నీళ్ళూ నేలా కలిసే చోట్లు కళ్ళారా చూసి వద్దామని విజయవాడ, గుంటూరు వైపు బయలుదేరాం.

కాబట్టి నా లెక్క మామూలు యాత్రికుల లెక్క కాదు. దర్శనం ఎంత త్వరగా అయింది, పెసరట్టు ఎంత బాగుంది అన్నవి వెనక్కి పోయాయి. బురద పక్కన ఎంతసేపు నిలబడనిచ్చారన్నదే ముఖ్యం.

విజయవాడలో అందరూ ముందు చూపించేది ప్రకాశం బ్యారేజీ. 1855 నాటి పాత ఆనకట్ట పాడయ్యాక కట్టి, 1957లో పూర్తి చేశారు. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. వాహనాల రద్దీ మొదలు కాకముందే, తెల్లవారుజామున నడవాలి. జనమంతా ఎగువ వైపు నిండు నీటికి ముఖం పెట్టి ఫోటోలు తీసుకుంటారు. మాకు పనికొచ్చింది దిగువ వైపు. గేట్లు మూసి ఉన్న రోజుల్లో అక్కడ ఇసుక మేటలు, రాళ్ళు, వాటి మధ్య చిక్కుకుపోయిన మడుగులు. ఒక్కో మడుగు ఒక్కో లోకం. ఒకదాంట్లో చేపపిల్లలు, పక్కదాంట్లో కప్పల గుడ్లు, మూడోదాని మీద ధ్యానం చేస్తున్న కొంగ. పోటు తీసిన తరువాత నివ్వ మీద చిన్నపిల్లలు ఇలాగే మడుగుల్లో ఇరుక్కుపోతారని అక్కడే అనుకున్నాం. తరువాతి పోటు వచ్చేదాకా వారికి కాపలా ఉండటం ఊరి ముసలివారి పని.

మేం ఎక్కిన ఆటో ఆయనది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది, అదే సమయంలో బుడమేరు వాగు పొంగి ఆ ప్రాంతాన్ని ముంచేసింది. "పై అంతస్తులో కూర్చుని, మెట్లు ఒక్కొక్కటీ మునుగుతుంటే చూశామమ్మా" అన్నాడాయన. మా పిల్ల పుస్తకం మూసేసి చాలాసేపు మాట్లాడలేదు. నెమ్మరుల కథలో వరదను ఆటలా రాసిన పేజీ ఒకటి ఉండేది. తీసేశాం.

భవానీ ద్వీపం పిల్లలతో వెళ్ళేవారికి మంచి విహారం. పచ్చిక, ఊయలలు, చెట్ల నీడ, పడవ ప్రయాణం అన్నీ ఉన్నాయి. నది జోరుగా ఉన్నప్పుడు పడవలు ఆపేస్తారు, వరదొస్తే ద్వీపమే మూసేస్తారు కనుక ముందే కనుక్కుని వెళ్ళాలి. మా పనికి మాత్రం అక్కర రాలేదు. ఒడ్డు మరీ శుభ్రంగా ఉంది. గాంధీ కొండ మీద నక్షత్రశాల ఉందని ఉత్సాహపడేవారు కూడా ప్రదర్శన నడుస్తోందో లేదో అడిగాకే ఎక్కడం మంచిది. ఎండలో ఆ ఎక్కుడు తక్కువేమీ కాదు.

విజయవాడలో నాకు దొరికిన అసలు నిధి చేపల బజారు. ఏ పర్యాటక పటంలోనూ దానికి చోటుండదు. పొద్దున్నే వెళ్ళాలి, పాత చెప్పులు వేసుకోవాలి, చీర కుచ్చిళ్ళ మీద ఆశ వదులుకోవాలి. అక్కడ కొరమీనును బతికుండగానే అమ్ముతారు. తొట్టిలో నీళ్ళు దాని వీపు కూడా తడవనంత తక్కువ. అయినా గంటల తరబడి నిక్షేపంగా ఉంటుంది. దాని తలలో, మొప్పల పైన, గాలి పీల్చుకునే గది ఒకటి ఉంది. నీళ్ళలో ఉన్నా మధ్యమధ్య పైకొచ్చి గాలి గుటక వేయాల్సిందే. రానివ్వకుండా అడుగునే అదిమి పెడితే చేపైనా ఊపిరాడక చచ్చిపోతుంది.

ఈ సంగతి నేను చెబుతుంటే మా పిల్ల "అత్తా, చేప నీళ్ళలో మునిగి చస్తుందా?" అని గట్టిగా అడిగింది. చేపలు కోస్తున్న ఆవిడ చేతికి బూడిద రాసుకుంటూ నవ్వింది. "చస్తుందమ్మా. అందుకే మేం తొట్టి నిండా నీళ్ళు పోసి మూత బిగించం" అంది. తరువాత తనంతట తానే ఇంకో మాట చెప్పింది. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతుంటాయట, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయట, ఆ గుంపు దగ్గర కాలు పెడితే కరవడానికి వస్తాయట. పుస్తకాల్లో చదివిందీ ఇదే. అయితే ఆవిడ చేతులు తిప్పుతూ చెప్పిన తీరులో ఉన్న భయం పుస్తకాల్లో లేదు.

మా కథకు వెన్నెముక ఆ తొట్టి దగ్గరే దొరికింది. నెమ్మరుల పిల్లలకు ఎండిపోతామన్న భయం. పెద్దలకు, మొప్పలు ముడుచుకుపోయాక, మునిగిపోతామన్న భయం. తాత నీళ్ళలోకి దిగలేడు, మనవరాలు గట్టెక్కలేదు. ఇద్దరూ కలుసుకోగలిగింది మోకాటి లోతు నీళ్ళున్న చోట, అదీ రెండు పోట్ల మధ్య దొరికిన కాసేపు. అంతకుముందు మా కథలో విలనుండేవాడు, ఉల్కాయుద్ధం ఉండేది. ఇక వాటి అవసరం కనిపించలేదు.

బస గురించి ఒక మాట. బస్టాండుకు దగ్గరలో ఉందని తీసుకున్న లాడ్జిలో, ఫోనులో చూపించిన గది ఒకటి, తాళం ఇచ్చింది మరొకటి. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. వేడినీళ్ళకు వేళలు పెట్టారు, ఆ వేళల్లోనూ రాలేదు. అడిగితే కుర్రాడు "ఇప్పుడే వస్తాయి మేడం" అన్న మాట మాత్రం వేళ తప్పకుండా చెప్పేవాడు. విజయవాడలో గది తీసుకునేవారు ముందు చూసి, నల్లా తిప్పి, ఆ తరువాతే డబ్బు కట్టాలి. గుంటూరులో బ్రాడీపేట వైపు దొరికిన గది చిన్నదే అయినా గాలి వచ్చేది, కింద టిఫిను దొరికేది. మేడ మీద ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికల్లా ఎండిపోయేవి. బురద యాత్రలో ఇంతకన్నా పెద్ద సౌకర్యం లేదు.

గుంటూరు దారిలో ఉండవల్లి గుహల దగ్గర ఆగాం. ఒకే కొండను తొలిచిన నాలుగు అంతస్తులు, లోపల శేషశయ్య మీద అనంత పద్మనాభుడు. చల్లగా ఉంది, చూడదగ్గదే. పడుకున్న దేవుడిని చూసి, నెమ్మరుల దేవుడు కూడా లేచి నిలబడడని మా పిల్ల తీర్మానించింది. నిలబడితే సగం ఒళ్ళు ఎండిపోతుంది కదా! అంతకు మించి అక్కడ మా పని లేదు.

ఉప్పలపాడు వేరే సంగతి. గుంటూరు నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. పేరుకు పక్షుల కేంద్రమే గానీ ఉన్నవి ఊరి చెరువులే. చెట్లు చాలక ఇనుప మంచెలు కూడా కట్టారు. వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ కాపురాలు పెట్టాయి. చలికాలంలో, పక్షులు గూళ్ళకు చేరే సాయంత్రం వేళ వెళ్ళాలి. వాసన భరించగలిగితే ఇంత దగ్గర నుంచి గూడబాతును చూసే అవకాశం మరెక్కడా అంత సులువుగా దొరకదు. పిల్ల తలను తల్లి సంచిలోకి మెడదాకా దూర్చి మేత తినడం చూశాం. నివ్వ మీద తిత్తిరెక్క అనే పక్షి పుట్టింది ఆ చూపులోంచే. అది సముద్రంలో సంచి నిండా నీళ్ళు తోడుకుని, లోతట్టు గుంటల్లో పోస్తుంది. ఆ నీళ్ళతో పాటు నెమ్మరుల పిల్లలు కూడా కొందరు కొత్త ఊళ్ళకు చేరతారు. అది ఎత్తుకుపోవడమా, వలస పంపడమా అన్నది నెమ్మరులే తేల్చుకోలేదు. గుడులకు బదులు వారికి ఈ తగువే ఉంది.

మొత్తం యాత్రలో మొదటి మార్కు హంసలదీవిదే. విజయవాడ నుంచి అవనిగడ్డకు బస్సు, అక్కడి నుంచి కోడూరు మీదుగా ఆటో. కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోటు, మడ అడవుల చోటు. వేణుగోపాలస్వామి గుడి వరకు ఎవరైనా వెళతారు. అసలు సంగతి పాలకాయతిప్ప దాటాక మొదలవుతుంది. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర అడిగి వెళ్ళాలి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. దారిలో ఇసుక, ఎండ, దాహం. నీళ్ళ సీసాలు, టోపీ వెంట ఉండాలి, తినడానికి ఏమైనా అవనిగడ్డలోనే కొనుక్కోవాలి.

మన తీరంలో పోటు పెద్ద ఎత్తున రాదు. అయినా నేల ఇంత చదునుగా ఉండటంతో కాస్త నీరు తీసినా చాలా బురద బయటపడుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఆ బురద మీద కనిపించింది మేం వెతుకుతున్న జీవి. ఇంగ్లీషులో మడ్‌స్కిప్పర్ అంటారు. వేలెడంత చేప, రెక్కల్ని మోచేతుల్లా ఆనించి పాకుతోంది, కాలి అలికిడికి గెంతుతోంది. కళ్ళు నెత్తిమీద ఉన్నాయి. అవి ఎండినప్పుడల్లా లోపలికి లాక్కుని, గుంటలోని తడిలో ముంచి మళ్ళీ పైకి తెస్తుంది. తడి చర్మంతోనూ గాలి పీలుస్తుంది కనుక అప్పుడప్పుడు బురదలో పొర్లుతుంది. బురదలో బొరియ తవ్వి లోపలి గదిలో గుడ్లు పెడుతుంది. పోటు వచ్చి బొరియ నిండా నీళ్ళే ఉన్నా గుడ్లకు గాలి అందాలి కదా. ఈ జాతి చేపలు పైకొచ్చి నోటి నిండా గాలి పట్టుకెళ్ళి, ఆ గదిలో వదిలి వస్తాయి. ఎన్నోసార్లు, గుక్కకు గుక్క.

ఇంతకు మించి ఏ కల్పన చేయగలం? నెమ్మరుల ఇళ్ళు బురద కింద బోర్లించిన గదులయ్యాయి. ఇంట్లో ఎంత గాలి నిలవ ఉందన్నదే వారి కలిమి. చుట్టపుచూపుగా వచ్చేవారు పళ్ళు తీసుకురారు, నోటి నిండా గాలి పట్టుకొస్తారు. గుమ్మంలో పలకరిస్తే అది పోతుంది కాబట్టి లోపలికి వచ్చి గాలి వదిలేదాకా ఎవరూ నోరు విప్పరు. మా మేనకోడలు బురదలోనే చతికిలబడి ఆ బొమ్మ గీసింది. పక్కింటాయన పోలిక పూర్తిగా పోయింది. ఇప్పుడు వారికి మెడ లేదు, కళ్ళు నెత్తిన, మోచేతులు ముందుకు.

ఈ అడవుల్లో బావురుపిల్లి ఉంది. ఒంటికి దగ్గరగా నీరు దిగని దట్టమైన బొచ్చున్న, ఈది చేపలు పట్టే పిల్లి. రాత్రి తిరిగేది కనుక మాకు కనిపించలేదు, అక్కడి సిబ్బంది ఒకరు ఓపికగా పాదాల జాడలు చూపించారు. ఇక్కడే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు గురించి కూడా చెప్పారు. వారికి పర్యాటకుల మీద ఒకటే ఫిర్యాదు, ప్లాస్టిక్ సీసాలు. చూశాక నాదీ అదే ఫిర్యాదు.

రాత్రికి అవనిగడ్డలో గది తీసుకున్నాం. పడుకోవడానికి సరిపోతుంది, అంతే. పెద్దవారు వెంట ఉంటే మచిలీపట్నంలో దిగడం మేలు. ఆటో బేరం మాత్రం రానూపోనూ, ఆగి ఉండే సమయంతో కలిపి ముందే మాట్లాడుకోవాలి. మా ఆటో అబ్బాయి సంగమం దగ్గర తొందరపెట్టి, తిరుగు దారిలో తన స్నేహితుడి టీకొట్టు దగ్గర తీరిగ్గా కూర్చున్నాడు.

కొల్లేరు చివర పెట్టుకున్నాం. విజయవాడ నుంచి రైల్లో కైకలూరు, పక్కనే ఆటపాక. ఈ సరస్సు 1999లో అభయారణ్యం అయింది, 2002లో చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు (+5 కాంటూరు) వరకు 308 చదరపు కిలోమీటర్లు. అందులో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లు తెంచిన ఆపరేషన్ కొల్లేరు 2006 నాటిది. విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఇక్కడికే. ఆటపాకలో పడవ మీద గూడబాతుల మధ్యకు తీసుకెళతారు, హాయిగా ఉంటుంది. ఉప్పలపాడు చూసినవారికి పక్షులు కొత్తగా అనిపించవు. నాకు నచ్చింది రోడ్డు ప్రయాణమే. అటూ ఇటూ గట్లు, చెరువులు, మళ్ళీ గట్లు. సరస్సు ఎక్కడ మొదలయిందో, చెరువు ఎక్కడ అయిపోయిందో తెలియలేదు. నెమ్మరుల్లో గట్లు కట్టేవారు, గట్లు తెంచేవారు అని రెండు పక్షాలు పెట్టాలని నేను, వద్దు, కథ బరువెక్కుతుందని మేనకోడలు. రైలెక్కినా తెగలేదు. ఇంత దూరం రాలేనివారు ఉప్పలపాడు, చేపల బజారు చూసుకుని, మిగిలిన సమయమంతా హంసలదీవికి ఇవ్వవచ్చు. పున్నమి దగ్గరలో పెట్టుకోండి, నీరు తీసే వేళ ఎప్పుడో ఊళ్ళో పడవవాళ్ళను అడగండి.