ఇమ్యునాలజీ ప్రయోగశాల శిక్షణ: చేతిపని బాగుంది, ఉద్యోగ సలహా అరకొర

ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు సంస్థ నడుపుతున్న నెల రోజుల ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) శిక్షణలో ఫీజుకు తగిన విలువ దొరికేది ప్రధానంగా ఎలైసా (రక్తంలోని యాంటీబాడీల వంటివాటిని రంగు మార్పుతో గుర్తించే పరీక్ష) బల్ల దగ్గరే. కళాశాలలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న ఈ పరీక్షకు ఇక్కడ ఎవరి 96 గుంటల ప్లేటును వారే సిద్ధం చేసుకోవాలి. యాంటీజెన్ (యాంటీబాడీలు అతుక్కునే పదార్థం) పూత వేసి, ఖాళీ చోట్లను ప్రోటీన్‌తో బ్లాక్ చేసి, సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) అంచెలంచెలుగా పలుచన చేసి కలిపి, ప్రతి దశ తర్వాత కడిగి, ప్లేటును టిష్యూ కాగితంపై బోర్లించి గట్టిగా తట్టాలి. చివర రంగు తేల్చే టీఎంబీ ద్రావణంతో నీలంగా మారిన గుంటలు ఆమ్లం పడగానే పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు గాఢతను 450 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. నెగటివ్ కంట్రోల్ (రంగు రాకూడని పోలిక గుంట) కూడా పసుపెక్కితే, కడగడంలో లోపం జరిగిందా, బ్లాకింగ్ చాలలేదా అన్నది శిక్షకురాలు విద్యార్థి చేతనే తేల్చించి, మొదటి నుంచి మళ్లీ చేయిస్తారు. ఆ ఓపికకు ఆమెను మెచ్చుకోవాలి.

కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నడిపి రకాలను గుర్తించే ఫ్లో సైటోమెట్రీ విషయంలో మాత్రం నిరాశే ఎదురైంది. యంత్రం ఎదురుగా ఉన్నా మా నమూనాలను నడపనివ్వలేదు. పాత డేటాను తెరపై ఉంచి సీడీ4, సీడీ8 అనే రెండు రకాల రోగనిరోధక కణాలను వేరు చేయించి సరిపెట్టారు. స్వయంగా చేయిస్తామని ప్రకటనలో రాసినవారు ఇలా చేయడం సమంజసం కాదు.

ఉద్యోగావకాశాల తరగతి ఆసాంతం టీకా పరిశ్రమ చుట్టూనే తిరిగింది. భారత్ బయోటెక్, బయలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వంటి సంస్థలు మన ముంగిటే ఉన్నందున అది సహజమే. టీకాల నాణ్యత పరీక్షల్లో ఎలైసా అనుభవం అక్కరకు వస్తుంది. అయితే అవయవ మార్పిడికి ముందు దాతకు, గ్రహీతకు హెచ్‌ఎల్‌ఏ (కణాలపై ఉండే గుర్తింపు ప్రోటీన్లు) పొంతననూ, గ్రహీత రక్తంలో దాత కణాలపై దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో తేల్చే క్రాస్‌మ్యాచ్‌నూ చూసే ల్యాబుల ఊసే రాలేదు. అవయవదానానికి ఉద్దేశించిన ప్రభుత్వ జీవన్‌దాన్ కార్యక్రమం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తుండగా ఈ దారిని వదిలేయడం చిన్న లోపం కాదు. 2023లో కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే దేశీయ కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు అనుమతి లభించింది. రోగి టి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలను) సేకరించి, వాటిలో జన్యుమార్పు చేసి, పెంచి తిరిగి ఎక్కించే ఆ చికిత్సకు ఇమ్యునాలజీ తెలిసినవారే కావాలి. దాని ప్రస్తావన కూడా లేదు.

పరిశోధన వైపు వెళ్లదలచినవారికి, ఉదాహరణకు ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ ఆశించేవారికి, ఈ ధ్రువపత్రం కన్నా నెట్, గేట్ సన్నద్ధతకే ఆ నెల కేటాయించడం మేలు. కళాశాలలో పిపెట్ సరిగా పట్టే అవకాశమే దొరకనివారు మాత్రం నిస్సందేహంగా చేరవచ్చు; ఫ్లో సైటోమీటరుపై స్వయంగా పనిచేయనిస్తారా లేదా అన్నది ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.